నటనను వృత్తిగా చేసుకోవాలంటే: నాటకం నుంచి కెమెరా దాకా, వరుస తప్పకుండా

నటుడు కావాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: ఫొటోలు ఎవరికి పంపాలి? ఈ మార్గదర్శిలో ఆ ప్రశ్న ఏడో మెట్టు దగ్గర గానీ రాదు. కావాలనే అలా పెట్టాను. పాత్రలకు మనుషులను ఎంపిక చేసేవాళ్లు రోజూ ఎన్నో ముఖాలు చూస్తారు. తయారు కాకుండా వెళ్లి చేతులెత్తేసినవాడిని మళ్లీ పిలవడానికి వాళ్లకు పనిగట్టుకుని కారణం దొరకాలి. అందుకే ముందు పని నేర్చుకోవాలి, తరువాత ముఖం చూపించాలి. కింది వరుసంతా ఆ లెక్కతో వేసినదే.

## 1. ముందే తేల్చుకోవలసిన లెక్కలు

నటుడికి జీతం నెలనెలా రాదు. మంచి నటులకు కూడా ఒక పనికీ ఇంకో పనికీ మధ్య నెలలు గడుస్తాయి. కాబట్టి వేళలు మార్చుకోవడానికి వీలున్న ఇంకో ఉపాధి ఉండాలి. ఆడిషన్ కబురు సాధారణంగా ముందు రోజు సాయంత్రం వస్తుంది. మర్నాడు సెలవు దొరకని ఉద్యోగంతో ఈ వృత్తి పొసగదు.

☐ కనీసం ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకున్నారా?
☐ వారంలో సాధనకు ఏ గంటలు కేటాయిస్తారో రాసుకున్నారా?
☐ మొదటి రెండేళ్లు ఆదాయం లేకపోవచ్చని ఇంట్లోవాళ్లకు చెప్పారా?

మూడోది చాలామంది దాటవేస్తారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే తరువాత రిహార్సల్ వేళ ఇంటి నుంచి ఫోన్లు తగ్గుతాయి.

## 2. గొంతు, ఒళ్లు, చెవి

రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. ఆదివారం నాలుగు గంటలు చేసి వారమంతా మానేస్తే లాభం లేదు.

ఊపిరి. వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. వదిలేటప్పుడు 'స్స్స్' అంటూ ఒకే ధారగా వదలండి. ధార మధ్యలో వణికితే అక్కడితో ఆపి మళ్లీ మొదలుపెట్టండి. పడుకుని కుదిరాక నిలబడి, ఆ తరువాత నడుస్తూ చేయండి.

గొంతు వేడెక్కించడం. పెదవులను 'బ్ర్ర్ర్' అని ఆడిస్తూ కింది స్థాయి నుంచి పై స్థాయికి, మళ్లీ కిందికి జారండి. సన్నని స్ట్రా నోట్లో పెట్టుకుని దాని గుండా 'ఊ' అని పలకడం ఇంకో మంచి సాధన. స్వరతంత్రుల మీద ఒత్తిడి తక్కువ, ఫలితం ఎక్కువ. అరవడంతో సాధన మొదలుపెట్టవద్దు. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఇంటి చిట్కాలు కట్టిపెట్టి చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోండి.

పలుకు. ఒత్తులు, శ-ష-స తేడా, ల-ళ, న-ణ తేడాలు ఎవరైనా చెబుతారు. వాటికంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదనే మాటా చివరే వస్తుంది. కొత్త నటుడి ఊపిరి సరిగ్గా అక్కడే అయిపోతుంది. 'నేను ఆ డబ్బు తీసుకోలేదు' అన్న వాక్యంలో 'లేదు' మింగేస్తే వెనక వరుసలో కూర్చున్నవాడికి దొంగ ఎవరో తారుమారైపోతుంది. మందు చిన్నదే. వాక్యాన్ని వెనక నుంచి సాధన చేయండి: ముందు 'తీసుకోలేదు', తరువాత 'ఆ డబ్బు తీసుకోలేదు', ఆ తరువాత మొత్తం. ఊపిరి వాక్యం చివరిదాకా దాచుకోవడం అలవాటవుతుంది.

ఒళ్లు. ఫోను ఒక మూల పెట్టి, మీరు మామూలుగా నడవడం, కూర్చోవడం, నీళ్లు తాగడం రికార్డు చేయండి. చూసుకుంటూ అలవాట్ల జాబితా రాయండి: ఒక భుజం ఎత్తు, చేతులు ఎప్పుడూ జేబులోనే, మాట్లాడితే తల ఊపడం. ఇవి పోవాలని కాదు. మీకు తెలియకుండా ప్రతి పాత్రలోకీ దూరకపోతే చాలు.

చెవి. దీన్ని ఎవరూ సాధన చేయరు. రోజూ ఒక సంభాషణలో ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా మీ జవాబు తయారు చేసుకోకుండా వినండి. అనుకున్నదానికంటే కష్టం. వేదిక మీద చాలా నటన పాడయ్యేది ఎదుటి పాత్ర మాట్లాడుతుండగా తన తరువాతి డైలాగును లోపల వల్లెవేసుకోవడం వల్లనే.

## 3. శిక్షణ: ఎక్కడ, ఎవరి దగ్గర

చేరేముందు ఒక తరగతిని పక్కన కూర్చుని చూడనివ్వమని అడగండి. చూసేటప్పుడు గురువు ఎంత బాగా మాట్లాడాడన్నది వదిలేసి, ఒక్కో విద్యార్థి లేచి నిలబడి పని చేసిన నిమిషాలు లెక్కపెట్టండి. రెండు గంటల తరగతిలో ముప్పై మంది ఉంటే మీ వంతు నాలుగు నిమిషాలు.

'చేరితే వేషం ఇప్పిస్తాం' అన్న మాట వినగానే లేచి రండి. నేర్పేవాళ్లు నేర్పుతామనే చెబుతారు.

ఏ పద్ధతి మంచిదని వాదించుకోవడం కాలయాపన. మీ లోపం ఏదో చూసుకుని మందు ఎంచుకోండి. కింది పేర్లన్నీ నటన నేర్పిన గురువులవి.

- పాత్ర ఎక్కడ ఉంది, ఎందుకు మాట్లాడుతోంది అన్నవి పట్టకుండా డైలాగు అప్పజెబుతుంటే స్తానిస్లావ్‌స్కీ పద్ధతి. ఇచ్చిన పరిస్థితులు, 'ఒకవేళ నేనే అయితే' అన్న ప్రశ్న, ఒక చర్య తరువాత ఒక చర్య.
- ఎదుటివాడిని చూడకుండా ఒంటరిగా నటిస్తుంటే శాన్‌ఫర్డ్ మైస్నర్ పునరుక్తి సాధన. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే మాటను అటూ ఇటూ అంటూ, దానిలో వచ్చే మార్పును మాత్రమే పట్టుకుంటారు.
- తల బాగా పనిచేసి ఒళ్లు బిగుసుకుపోతుంటే మైకేల్ చెహోవ్ చెప్పిన భంగిమల సాధన.
- తప్పు చేస్తానేమోనన్న భయం పట్టుకుంటే వయొలా స్పోలిన్ రూపొందించిన రంగస్థల ఆటలు.

ఒక జాగ్రత్త. సొంత జీవితంలోని దుఃఖాన్ని తవ్వి తెచ్చుకుని ఏడవమనే సాధనలు కొన్ని ఉన్నాయి. ఇంకా మానని గాయాన్ని వాడుకోవద్దు. ఆ దుఃఖం పిలిస్తే వస్తుంది, పొమ్మంటే పోదు. పైగా పదోసారికి రావడమూ మానేస్తుంది. చివరి ఏళ్లలో స్తానిస్లావ్‌స్కీ స్వయంగా శారీరక చర్యల మీదే ఎక్కువ భారం వేశాడు.

## 4. కాగితం మీది మాటలను విప్పడం

ఈ మెట్టు మీద ఎంత కాలం గడిపితే అంత మంచిది. వేదికకైనా కెమెరాకైనా మూలధనం ఇదే.

మొదటిసారి పెన్సిలు పట్టుకోకుండా, ప్రేక్షకుడిలా మొత్తం చదవండి. మీ డైలాగులు మాత్రమే రంగు పూసుకుని చదవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. మీ పాత్ర గురించి ముఖ్యమైన సంగతులు ఎక్కువగా ఇతర పాత్రల నోట్లోనే ఉంటాయి.

రెండోసారి కాగితం మీద ఉన్న నిజాలు మాత్రమే రాసుకోండి: వయసు, స్థలం, వేళ, ఎవరికి ఎవరు ఏమవుతారు. ఊహలు ఇంకా వద్దు.

మూడోసారి ఈ ప్రశ్నలు వేయండి.

☐ ఈ సన్నివేశానికి ఒక్క నిమిషం ముందు నేను ఎక్కడున్నాను?
☐ ఎదుటివాడి నుంచి నాకు ఏం కావాలి?
☐ అది దక్కకుండా అడ్డుపడుతున్నది ఏది?
☐ దక్కించుకోవడానికి ఏమేం చేస్తున్నాను?
☐ దక్కకపోతే నేను పోగొట్టుకునేది ఏమిటి?

ఉదాహరణకు ఈ నాలుగు ముక్కలు చూడండి.

అన్న: తాళం నీ దగ్గరే ఉందా?
చెల్లెలు: ఎప్పుడొచ్చావన్నయ్యా?
అన్న: తాళం అడిగాను.
చెల్లెలు: అమ్మ పడుకుంది. మెల్లగా మాట్లాడు.

కొత్త నటుడికి ఇది ఇవ్వగానే మొదటి మాటే కోపంగా అంటాడు. ఇక మూడో మాటకు గొంతు పెంచడం తప్ప ఏమీ మిగలదు. నిదానంగా చూస్తే మొదటి మాట నిజంగా ప్రశ్నే కావచ్చు, అతనికి జవాబు తెలియకపోవచ్చు. చెల్లెలు జవాబివ్వకుండా ఇంకో ప్రశ్న వేసిన క్షణంలో అతనికి విషయం అర్థమవుతుంది. అంటే సన్నివేశం మలుపు తిరిగింది అతను మాట్లాడేటప్పుడు కాదు, వినేటప్పుడు. 'అడిగాను' అన్న మాటకు బరువు అక్కడి నుంచే వస్తుంది, అరిచి చెప్పినా, గొణిగినా.

చెల్లెలు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 'అన్నయ్యా' అన్న పిలుపు ప్రేమా, కాలం గడపడమా? నాలుగో మాటలో తల్లిని అడ్డం పెట్టుకుంటోంది. తల్లి నిజంగా పడుకుందా? రచయిత చెప్పలేదు కాబట్టి మీరు తేల్చుకోవాలి. తేల్చుకున్నది ఎవరికీ చెప్పనవసరం లేదు, కానీ మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు ప్రతి మాట పక్కన ఒక క్రియ రాయండి: కనుక్కోవడం, దారి మళ్లించడం, నిలదీయడం, అడ్డుకోవడం. 'కోపంగా', 'బాధగా' అని రాయకండి. కోపంగా ఉండడం చేయదగ్గ పని కాదు, నిలదీయడం చేయదగ్గ పని. దర్శకుడు 'ఇంకోలా చేయి' అంటే క్రియ మారిస్తే సరిపోతుంది. భావం మార్చబోతే ముఖం మాత్రమే మారుతుంది.

కంఠస్థం. రాగం లేకుండా, చదునుగా వల్లెవేయండి. రాగంతో సహా గట్టిపడిన డైలాగును తరువాత ఏ దర్శకుడూ కదపలేడు. మీ మాటతో పాటు దాని ముందు ఎదుటివాడి చివరి మాట కూడా నేర్చుకోండి. రాత్రి పడుకునేముందు ఒకసారి, లేవగానే ఒకసారి చెప్పుకోండి. ఆపైన బట్టలు మడతపెడుతూనో, గిన్నెలు కడుగుతూనో చెప్పండి. చేతులు వేరే పనిలో ఉండగా మాట తడబడకపోతేనే వచ్చినట్టు.

## 5. వేదిక మీద

కెమెరా కోసమే వచ్చినా కొన్ని నాటకాలు వేయండి. రెండు గంటలు ఆగకుండా, తప్పు చేసినా సాగుతూ, ఒకే పాత్రను మొదటి నుంచి చివరిదాకా మోసే అవకాశం ఇంకెక్కడా దొరకదు. చిన్న వేషమని వదులుకోవద్దు. రెండు మాటలున్న వేషానికి కూడా రిహార్సళ్లన్నీ చూసే హక్కు ఉంటుంది.

రిహార్సళ్ల వరుస దాదాపు అన్ని బృందాల్లో ఒకటే. కూర్చుని చదవడం, కదలికలు నిర్ణయించడం, కాగితం వదిలేయడం, ఆపకుండా మొత్తం ఆడడం, దీపాలు-శబ్దాలతో సాంకేతిక రిహార్సల్, చివరగా వేషభాషలతో పూర్తి రిహార్సల్.

కదలికలు పెన్సిలుతోనే రాసుకోండి, మారుతుంటాయి. కుడి, ఎడమ ఎప్పుడూ ప్రేక్షకులవైపు తిరిగి నిలబడ్డ నటుడివే. ప్రేక్షకులవైపు ఉన్నది కింది వేదిక, వెనక తెరవైపు ఉన్నది పై వేదిక.

కాగితం వదిలేయడానికి చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే వదిలేయండి. మొదటిసారి వదిలినప్పుడు వచ్చినవన్నీ పోతాయి. ఆ అవమానం ఇంట్లో పడడం మేలు.

సాంకేతిక రిహార్సల్ నటుల కోసం పెట్టింది కాదు. గంటల తరబడి నిలబడాలి, ఒకే ఎంట్రీ నాలుగుసార్లు చేయాలి. ఆ రోజు భావావేశం దాచుకుని దీపం ఎక్కడ పడుతుందో, చీకట్లో ఎటు నడవాలో నేర్చుకోండి. ముఖం మీద వెలుగు పడుతోందో లేదో వేడిని బట్టి కూడా తెలుస్తుంది.

వెనక వరుసకు వినపడాలన్న తొందరలో అరుపు మొదలవుతుంది. ఎక్కువసార్లు లోపం గొంతులో ఉండదు. ముఖం వింగువైపు, అంటే వేదిక పక్కన నటులు వేచి ఉండే చోటువైపు, తిరిగి ఉంటుంది, లేదా వాక్యం చివర ఊపిరి చాలదు. ముందు ఈ రెండూ సరిచూసుకోండి. నాలుగో మెట్టులోని అన్నాచెల్లెళ్ల ముక్కల్లో తాళం చెల్లెలి గుప్పిట్లో ఉందనుకుంటే, ఆ గుప్పిటను వేదిక మీద భుజం, మోచేయి, నడుం కలిసి దాచాలి. వేళ్లు దూరానికి కనబడవు.

డైలాగు మరిచిపోతే నేల చూడవద్దు, నాలుక కరుచుకోవద్దు. పాత్రకు ఏం కావాలో అది గుర్తు చేసుకుని సొంత మాటల్లో అడగండి. తోటి నటుడు మరిచిపోతే అతని సమాచారాన్ని ప్రశ్నగా మార్చి అందించండి: 'నిన్న ఉత్తరం వచ్చిందన్నావు, ఏమైంది?'

ప్రదర్శన రోజు:

☐ తెర లేవడానికి కనీసం గంటన్నర ముందు చేరుకోవడం
☐ మీ చేతి వస్తువులన్నీ మీరే స్వయంగా చూసుకోవడం, ఎవరు సర్దినా సరే
☐ గొంతు, ఒళ్లు వేడెక్కించడం
☐ ఫోను ఆపేయడం
☐ ఎంట్రీకి రెండు నిమిషాల ముందే వింగులో నిలబడడం

## 6. కెమెరా ముందు మారేవి

'నాటకం వాళ్లు ఎక్కువ చేస్తారు' అన్న మాట వినీ వినీ చాలామంది కెమెరా ముందు ఏమీ చేయకుండా నిలబడతారు. అది ఇంకో తప్పు. తగ్గించాల్సింది గొంతు, చేతులు. కావాలన్న కోరిక మాత్రం అంతే బలంగా ఉండాలి. అదే అన్నాచెల్లెళ్ల సన్నివేశం క్లోజప్‌లో అయితే, తాళం ఈసారి బీరువాలో ఉందనుకోండి, చెల్లెలు బీరువావైపు ఒక్క క్షణం చూపు మరల్చి వెనక్కి తెచ్చుకుంటే తాళం ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది.

షాట్ ఎంత? ప్రతిసారీ ఛాయాగ్రాహకుడి బృందాన్ని అడగండి. నడుం దాకానా, భుజాల దాకానా, ముఖమేనా? ముఖమే అయితే చేతిలో గ్లాసు ఎత్తే వేగం కూడా తగ్గించాలి, లేకపోతే ఫ్రేములోంచి ఎగిరిపోతుంది.

మార్కు. నేల మీద టేపు అతికించిన చోట, కిందికి చూడకుండా వచ్చి ఆగాలి. చిట్కా: మార్కు మీద నిలబడి, డైలాగు చెబుతూ వెనక్కి నడవండి. ఆగిన చోటే మీ మొదలు. అక్కడి నుంచి అవే అడుగులు వేస్తే సరిగ్గా వస్తారు. అడుగు తప్పితే ఫోకస్ పోతుంది, మీ ఉత్తమమైన టేకు పనికిరాకుండా పోతుంది.

చూపు. ఎదుటి నటుడి రెండు కళ్ల మధ్య మీ చూపు అటూ ఇటూ తిరిగితే క్లోజప్‌లో బెదురుగా కనబడుతుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న అతని కంటినే చూడండి.

కంటిన్యుటీ. ఏ మాట మీద గ్లాసు పట్టుకున్నారో, ఏ చేత్తో పట్టుకున్నారో ప్రతి టేకులోనూ అదే ఉండాలి. ముందు దూరపు షాట్ తీసి తరువాత దగ్గరకు వస్తారు. దూరపు షాట్‌లో ఉత్సాహంగా పది పనులు పెట్టుకుంటే ఆ పదీ సాయంత్రం దాకా అంటిపెట్టుకుని ఉంటాయి. రెండు మూడు చాలు, అవీ మాటలకు ముడివేసి.

వరుస లేని చిత్రీకరణ. చివరి సన్నివేశం మొదటి రోజే తీయవచ్చు. సన్నివేశాలన్నిటికీ ఒక పట్టిక రాసుకోండి: దీనికి ముందు ఏం జరిగింది, పాత్రకు అప్పటికి ఏం తెలుసు, ఎంత అలసటలో ఉంది, ఏ బట్టలు. సెట్ మీద ఎవరూ మీకు ఇది గుర్తు చేయరు. సహాయ దర్శకుడు బట్టల సంగతి చెబుతాడు, మనసు సంగతి మీరే చూసుకోవాలి.

శక్తి. కన్నీళ్ల సన్నివేశమైతే దూరపు షాట్‌లోనే అంతా ఖర్చు పెట్టేయవద్దు. మీ క్లోజప్ ఎప్పుడు తీస్తారో వినయంగా అడిగి తెలుసుకోండి. ఎదుటివాడి క్లోజప్ తీస్తున్నప్పుడు కెమెరా వెనక నిలబడి పూర్తిగా నటించండి. ఫోను చూస్తూ డైలాగు అందించేవాడిని యూనిట్ అంతా గుర్తుపెట్టుకుంటుంది.

'కట్' అనేదాకా. తడబడినా మీరు ఆపకూడదు. ఆపే హక్కు దర్శకుడిది. తడబాటు తరువాతి మౌనమే ఎడిటర్‌కు కావలసినది కావచ్చు. క్లోజప్‌లో ఎదుటివాడి మాట మీద మీ మాట పడితే కత్తిరించడం కష్టం. మాటలు కలిసిపోవాలని దర్శకుడు కోరితే తప్ప ఒక తృటి ఆగండి.

డబ్బింగ్. పెదవులు మూసుకునే అక్షరాలు ప, బ, మ. నాలుక ఎన్ని తప్పులు చేసినా తెర మీద పెద్దగా తెలియదు, ఈ మూడు తప్పితే చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ముందు వీటిని కుదుర్చుకుని, తరువాత భావం చూసుకోండి. సెట్‌లో పరుగెత్తుతూ అన్న మాటను స్టూడియోలో కుర్చీలో కూర్చుని చెప్పవద్దు. లేచి, అక్కడే ఒళ్లు కదిలించి చెప్పండి.

## 7. ఫొటోలు, వివరాల పత్రం, షోరీల్

ఇప్పుడు ఫొటోలు.

ఫొటోలో మీరు రేపు ఉదయం తలుపు తీసుకుని లోపలికి వచ్చేటప్పుడు ఎలా ఉంటారో అలా ఉండాలి. మచ్చలు చెరిపించి, రంగు తేల్చి, పదేళ్లు తగ్గించుకున్న ఫొటోకు పిలుపు వస్తే వచ్చినవాడిని చూసి వాళ్లు నిరాశపడతారు. కళ్లు స్పష్టంగా, బట్టలు సాదాగా. సన్నని చారల చొక్కా వద్దు, కెమెరాలో చారలు అలలుగా వణుకుతాయి. ఒకటి నవ్వుతూ, ఒకటి నవ్వకుండా, ఒకటి నిలువెత్తు. గడ్డం తీసేసినా, జుట్టు కత్తిరించినా కొత్తవి తీయించుకోండి.

వివరాల పత్రం ఒకే పేజీ. ఎత్తు, నటించగల వయసు పరిధి, భాషలు, శిక్షణ, చేసిన పాత్రలు, నైపుణ్యాలు. గుర్రపుస్వారీ వచ్చని రాస్తే గుర్రం ఎక్కిస్తారు. రానిది రాయవద్దు.

షోరీల్, అంటే మీ నటన ముక్కలు కూర్చిన వీడియో, రెండు నిమిషాలు మించకూడదు. అన్నిటికంటే మంచి ముక్క మొట్టమొదట పెట్టాలి, ఎందుకంటే చాలామంది ఇరవై సెకన్ల తరువాత చూడరు. పాట వేసి ముఖాలు వరుసగా చూపించే హంగు వద్దు. మీరు మాట్లాడాలి, వినాలి, మారాలి. తోటి నటుడు మీకంటే బాగా కనబడే ముక్క ఎంత పెద్ద సినిమాదైనా తీసేయండి.

## 8. ఆడిషన్

రెండు ఏకపాత్రలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఒక్కోటి నిమిషం, నిమిషంన్నర. ఒకటి తేలికైనది, ఒకటి బరువైనది. మీ వయసుకు దగ్గరగా, ఎవరో ఒకరిని ఉద్దేశించి మాట్లాడేవిగా ఉండాలి. ప్రసిద్ధ నటుడు చేసి పేరు తెచ్చుకున్న ముక్కను తీసుకుంటే పోలిక మీరే కొని తెచ్చుకున్నట్టు.

గదిలో: నమస్కారం, పేరు, మొదలు. క్షమాపణలు, జలుబు కబుర్లు వద్దు. వాళ్లు 'ఇంకోసారి, ఈసారి తొందరగా' అన్నారంటే మంచి శకునమే. మీరు దిద్దుబాటు తీసుకోగలరా అని చూస్తున్నారు. రెండోసారి మొదటిదానిలాగే చేస్తే అక్కడితో ముగిసినట్టే. అయిపోయాక 'ఎలా చేశాను?' అని అడగకుండా కృతజ్ఞత చెప్పి బయటికి రండి.

ఇంట్లో రికార్డు చేసి పంపేది: ఇప్పుడు మొదటి వడపోత ఎక్కువగా ఇలాగే జరుగుతోంది.

☐ ఫోను అడ్డంగా, స్టాండు మీద, కంటి ఎత్తులో
☐ ఛాతీ పై నుంచి తల దాకా ఫ్రేము
☐ వెనక ఖాళీ గోడ, లేదా బూడిద, నీలం రంగు గుడ్డ
☐ వెలుగు ముందు నుంచి. కిటికీ మీ వెనక ఉండకూడదు
☐ ఫ్యాను ఆపడం, తలుపు వేయడం
☐ ఎదుటి పాత్ర చదివేవాళ్లు లెన్సు పక్కనే, మీకంటే మెల్లగా
☐ పేరు, ఎత్తు చెప్పే పరిచయం, వాళ్లు అడిగిన తీరులోనే
☐ ఫైలు పేరు, గడువు వాళ్లు చెప్పినట్టే

లెన్సులోకి నేరుగా చూడవద్దు, పరిచయం చెప్పేటప్పుడు తప్ప. చదివేవాళ్లు కెమెరాకు చాలా దూరంగా కూర్చుంటే మీ ముఖం సగమే కనబడుతుంది. ఎన్ని టేకులు తీసినా పంపేది ఒకటి, మరీ అడిగితే రెండు. ఇరవై టేకుల తరువాత వచ్చేది మెరుగుదల కాదు, అలసట.

## 9. ఏజెంటు, ఒప్పందం, మోసాలు

ఏజెంటు కమిషను మీకు పారితోషికం వచ్చాక అందులోంచి తీసుకుంటాడు. చేర్చుకోవడానికే డబ్బు అడిగేవాడు ఏజెంటు కాడు. ఆడిషన్‌కు రుసుము అడిగినా, ఫలానా స్టూడియోలోనే ఫొటోలు తీయించుకోవాలన్నా, హోటల్ గదికి ఒంటరిగా రమ్మన్నా జవాబు ఒకటే: రాను. ఆడిషన్‌లో బట్టలు తీయమనడం, ముద్దు సన్నివేశం చేయమనడం కూడా ఇందులోకే వస్తాయి. తోడుగా ఒకరిని తీసుకువెళ్లడానికి ఒప్పుకోని చోటికి వెళ్లవద్దు.

పని మొదలుకాకముందే కాగితం మీద ఉండాల్సినవి:

☐ ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, దాటితే ఎంత
☐ పారితోషికం ఏ వాయిదాల్లో. చివరి వాయిదా డబ్బింగ్‌కు ముందా, తరువాతా
☐ ప్రయాణం, బస ఎవరిది
☐ పేరు తెర మీద ఎలా వేస్తారు
☐ షూటింగ్ రద్దయితే ఏమిటి
☐ ఆ కాలంలో ఇతర పనులు ఒప్పుకోవచ్చా
☐ సన్నిహిత సన్నివేశాల్లో ఏవి చేస్తారు, ఏవి చేయరు
☐ మీ ముఖం, గొంతు కంప్యూటర్‌తో మళ్లీ సృష్టించి వాడుకోవచ్చా

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో హాలీవుడ్ నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసినప్పుడు పట్టుబట్టిన ముఖ్యమైన విషయాల్లో నటుల డిజిటల్ నకళ్ల వాడకం ఒకటి. ఒప్పందంలో 'ఎప్పటికీ, ఏ మాధ్యమంలోనైనా' అన్న మాటలు కనబడితే సంతకం ఆపి, తెలిసిన న్యాయవాదికి చూపించండి. నటుల సంఘం ఉన్నచోట సభ్యత్వ నియమాలు ముందే చదవండి. కొన్ని సంఘాల్లో చేరాక సంఘం బయటి పనులు చేయనివ్వరు.

## 10. పని లేని నెలలు

ఒక పుస్తకం పెట్టండి. ప్రతి ఆడిషన్‌కు తేదీ, పాత్ర, ఎవరు చూశారు, ఏ బట్టలు వేసుకున్నారు, వాళ్లు ఏం మార్చమన్నారు. రెండోసారి పిలిస్తే అవే బట్టల్లో వెళ్లండి. వాళ్లు మిమ్మల్ని బట్టలతో కలిపి గుర్తుపెట్టుకుని ఉంటారు.

ఎందుకు తీసుకోలేదో సాధారణంగా ఎవరూ చెప్పరు. చాలాసార్లు కారణం నటన కూడా కాదు. తండ్రి పాత్రకు ముందే ఒకరు కుదిరితే కొడుకు అతని పోలికలో ఉండాలి. ఎత్తు కుదరదు, వయసు కుదరదు. అయితే పుస్తకంలో ఒకే దిద్దుబాటు మూడు నాలుగు చోట్ల కనబడితే, ఉదాహరణకు 'మాట అర్థం కాలేదు' అని, అది వాళ్ల అభిరుచి కాదు. రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి.

కలిసినవాళ్లకు ఊరికే 'ఏమైనా ఉందా?' అని సందేశాలు పెట్టవద్దు. చెప్పడానికి కొత్త సంగతి ఉన్నప్పుడే రాయండి: కొత్త నాటకం, కొత్త షోరీల్, మారిన రూపం. మూడు నాలుగు నెలలకొకసారి రెండు వాక్యాలు సరిపోతాయి.

సాధన మాత్రం ఆగకూడదు. నలుగురు కలిసి వారానికొకసారి ఒక సన్నివేశం తీసుకుని, పాత్రలు మార్చుకుంటూ చేసి, ఫోనులో తీసుకుని చూసుకోండి. ఒకరు దర్శకుడిగా, ఒకరు చదివేవాడిగా. ఆ బృందంలో ఎవరికి ఆడిషన్ వచ్చినా, రాత్రి తొమ్మిది గంటలకు ఎదుటి పాత్ర చదివిపెట్టడానికి మనిషి కావలసి వచ్చినా, ఫోను చేయడానికి ముగ్గురు ఉంటారు.